అప్‌డేట్: ‘ప్రొరోగ్’, ‘అడ్జర్న్’ తేడా తేలింది

పార్లమెంటు, అసెంబ్లీ వార్తల్లో వచ్చే ‘ప్రొరోగ్’ (prorogue) అనే ఇంగ్లిష్ మాటను తెలుగులో ‘వాయిదా’ అని రాయొచ్చా అని ఇంతకుముందు అడిగాను. రాయకూడదు. వాయిదా, అంటే అడ్జర్న్, స్పీకర్ లేదా చైర్మన్ చేసే పని. నిరవధికంగా వాయిదా పడినా సెషన్ బతికే ఉంటుంది, స్పీకర్ సభను మళ్లీ పిలవొచ్చు. ప్రొరోగ్ చేస్తే సెషనే ముగుస్తుంది. ఆ అధికారం పార్లమెంటుకైతే రాజ్యాంగం 85వ అధికరణ కింద రాష్ట్రపతిది, అసెంబ్లీకైతే 174 కింద గవర్నర్‌ది. అందుకే ‘ద స్పీకర్ ప్రొరోగ్డ్ ద హౌస్’ తప్పు వాక్యం. ‘ద హౌస్ వాజ్ ప్రొరోగ్డ్’ అని కర్మణిలో రాస్తే ఇబ్బంది లేదు. తెలుగులో ‘సమావేశాలను ముగించారు’ సరిపోతుంది; ‘సభను రద్దు చేశారు’ అని మాత్రం దయచేసి రాయకండి, అది డిజాల్వ్. ప్రొరోగ్ వల్ల పార్లమెంటులో పెండింగ్ బిల్లులు మురిగిపోవని రాజ్యాంగం 107(3) అధికరణ స్పష్టంగా చెబుతోంది.