అప్‌డేట్: మిర్చికి రైలా, లారీనా? తేడా ఎక్కడుందో తేలింది

గుంటూరు ఎండుమిర్చిని బంగ్లాదేశ్‌కు లారీల్లో పంపాలా, రైల్లోనా అని ఏహెచ్‌పీతో (ప్రమాణాలను జతలుగా పోల్చి ఏది ఎంత ముఖ్యమో తేల్చే పద్ధతి) పోలుస్తుంటే కన్సిస్టెన్సీ రేషియో (జవాబులు ఒకదానికొకటి ఎంత పొసగడం లేదో చెప్పే అంకె, 0.10 దాటకూడదు) 0.10 దాటిపోతోందని పోయిన నెల ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ నిండు కృతజ్ఞతలు. మాట్రిక్స్‌ను (ఆ పోలికల పట్టికను) మళ్లీ మళ్లీ సవరించకుండా, వ్యాపారినే మళ్లీ అడగమన్న సలహా పనిచేసింది.

మిర్చి యార్డులో ఆయన పక్కనే కూర్చుని, ఒక్కో జతలో ఏ ప్రమాణం ముఖ్యమో అడిగాను. ఖర్చు సమయం కన్నా ముఖ్యమన్నారు, సమయం సరుకు పాడవడం కన్నా ముఖ్యమన్నారు. చివరికొచ్చేసరికి పాడవడమే అన్నిటికన్నా ముఖ్యమన్నారు! ఎందుకని అడిగితే, హమాలీ దించుతున్న టిక్కీని (మిర్చి బస్తాని) చూపించి, "ఎన్నిసార్లు ఎత్తి దించితే అంత కాయ విరుగుద్దమ్మా" అన్నారు. నేను తడవడాన్నీ, విరగడాన్నీ 'పాడవడం' అనే ఒకే ప్రమాణంలో కలిపేశాను. విడదీశాక రేషియో 0.06కి వచ్చింది.

టాప్సిస్‌లో (ఆదర్శ ఎంపికకు ఏది దగ్గరో చూసి ర్యాంకులిచ్చే పద్ధతి) రైలే ముందుంది. కానీ 2020లో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్ వెళ్లిన పార్సిల్ రైలు 16 వ్యాగన్లలో 384 టన్నులు మోసింది. చిన్న వ్యాపారి ఒక్కడే అంత సరుకు ఎక్కడ తెస్తాడు? అందుకే సరుకు పోగయ్యే సమయాన్నీ ప్రమాణంగా చేర్చాను. మా రీసెర్చ్ గైడ్ సరేనన్నారు, సోమవారం నుంచి మళ్లీ యార్డుకే.