రీయూజబుల్ లాంచ్ వెహికల్ అబార్ట్ ప్లానింగ్: ముందే టేబుళ్లా, అప్పటికప్పుడు లెక్కా?

రెక్కలున్న, మళ్లీ మళ్లీ వాడుకునే రాకెట్ (రీయూజబుల్ లాంచ్ వెహికల్)‌కి అబార్ట్ ప్లానింగ్ (మధ్యలో ఏదైనా చెడితే అనుకున్న ప్రయాణం మానుకుని ఏం చేయాలన్న ప్రణాళిక) మీద ఎంటెక్ ప్రాజెక్ట్ చేస్తున్నాను. పైకి వెళ్తుండగా ఒక ఇంజిన్ ఆగితే వెనక్కొచ్చి దిగాలా, ముందున్న రన్‌వేకి వెళ్లాలా, తక్కువ ఎత్తు కక్ష్యతో సరిపెట్టుకోవాలా అన్నది ప్రోగ్రామే తేల్చాలి.

నేను ఇరుక్కుపోయింది వెనక్కి రావడం దగ్గరే. ముక్కు తిప్పి, ఇంజిన్లు మండిస్తూనే వేగం చంపుకోవాలి. ఇంజిన్లు ఆపే క్షణంలో ఎత్తు, వేగం కాస్త తేడా వచ్చినా, కిందికి దిగేటప్పుడు డైనమిక్ ప్రెజర్ (వేగం వల్ల వాహనం మీద పడే గాలి ఒత్తిడి) హద్దు దాటేస్తోంది. దాన్ని అదుపు చేస్తే రన్‌వే అందట్లేదు. ఆప్టిమైజర్ (అన్నిటికన్నా మేలైన దారిని లెక్కించే ప్రోగ్రామ్) పరిష్కారం తేల్చేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతోంది.

వాహనం చేరుకోగల ప్రాంతాన్ని ముందే లెక్కించి టేబుళ్లుగా వేసుకోవడం మేలా, సమస్యని త్వరగా తేలే రూపంలోకి మార్చి పరిష్కరించే కాన్వెక్స్ ఆప్టిమైజేషన్‌తో ప్రయాణంలోనే లెక్కించడం మేలా?

ఇంకొకటి. 1985 జులైలో ఎస్‌టీఎస్-51ఎఫ్ ప్రయాణంలో నాసా స్పేస్ షటిల్ చాలెంజర్ మధ్య ఇంజిన్ ఆగిపోయింది. చెడింది ఇంజిన్ కాదు, టెంపరేచర్ సెన్సర్లు. మరో ఇంజిన్ సెన్సర్ కూడా మొరాయిస్తుంటే, ఆటోమేటిక్ షట్‌డౌన్‌ని ఆపేయమని గ్రౌండ్ నుంచి చెప్పబట్టే కక్ష్య చేరింది. ఇలాంటి తప్పుడు రీడింగ్‌ని అబార్ట్ నిర్ణయంలోకి ఎలా తీసుకుంటారు? ఈ పని చేసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి దారి చూపండి.