కల్లు ఒక్కసారిగా మానేసిన పెద్దాయనకు వణుకు, కలవరింత: ఏం చేయాలి?

ప్రశ్న:
మాది నిజామాబాద్ జిల్లాలోని ఒక పల్లె. మా పెద్దనాన్నగారు ఏళ్ల తరబడి రోజూ దుకాణంలో కల్లు తాగేవారు. అధికారులు ఆ దుకాణాన్ని మూయించిన మర్నాటి నుంచే ఆయన చేతులు వణుకుతున్నాయి, నిద్ర పట్టడం లేదు. నిన్న రాత్రి నుంచి దుప్పటి మీద చీమలు పాకుతున్నాయంటూ ఒకటే దులుపుతున్నారు. పక్క ఊరి నుంచి రెండు సీసాలు తెప్పిస్తే కుదుటపడతారని ఇంట్లో పెద్దలు అంటున్నారు. కల్లు మానినంత మాత్రాన మనిషి ఇలా అవుతాడా?

మొదటి జవాబు (ఆసుపత్రి నర్సు):
లేని చీమలు కనిపిస్తున్నాయంటే అది ప్రాణం మీదికి వచ్చే స్థితి కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీ పెద్దనాన్నగారు తాగినది చెట్టు కల్లు మాత్రమే అయి ఉండదని నా అనుమానం. ఈత, తాటి చెట్లు తగ్గిపోయి గిరాకీ మాత్రం తగ్గని చోట్ల నీళ్లలో తీపి కోసం శాక్రిన్, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజెపాం, ఆల్ప్రాజోలం కలిపి అమ్మడం తెలంగాణలో చాలాకాలంగా ఉన్నదే. ఏళ్ల తరబడి ఆ మందుకు అలవాటుపడిన మెదడుకు అది హఠాత్తుగా అందకపోతే నరాల ఉద్రేకాన్ని అణిచిపెట్టేదేదీ మిగలదు. వణుకు, చెమటలు, ఫిట్స్, మతిభ్రమ అందుకే వస్తాయి. 2015లో కల్తీపై దాడులు ముమ్మరమైనప్పుడు మీ జిల్లాలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఎందరో ఇవే లక్షణాలతో ఆసుపత్రుల్లో చేరారు. సీసాలో ఏ మందు ఎంత ఉందో అమ్మేవాడికే సరిగా తెలియదు కనుక, దాన్ని తెచ్చి తాగించకండి. మందుల దుకాణంలో నిద్రమాత్రలు కొని మీ అంతట మీరు వేయకండి. రోజుకు ఎన్ని సీసాలు తాగేవారో, చివరిసారి ఎప్పుడు తాగారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. వారు తగిన మందు ఇచ్చి, మోతాదును మెల్లగా తగ్గిస్తారు. బి1 విటమిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు.

రెండవ జవాబు (గీత కార్మికుల కుటుంబం):
మా నాన్నగారు మోకు కట్టుకొని చెట్టెక్కి దించిన కల్లు పొద్దెక్కేసరికే పులిసేది. ఆ వృత్తినే నమ్ముకున్నవారిని, మత్తు పొడి కలిపి సొమ్ము చేసుకునే వ్యాపారులను ఒకే గాటన కట్టవద్దని మనవి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించినప్పుడు ఆ నింద మా అందరి మీదా పడింది.

మూడవ జవాబు:
2019లో కేంద్రం ప్రకటించిన సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వారిలో 14.6 శాతం మంది మద్యం తాగుతున్నారు. దానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. కల్లుతోపాటు మత్తుమందుకూ బానిసయ్యామని తెలియనివారు ఏ సర్వేలో మాత్రం ఆ మాట చెప్పగలరు? పనులు ముగించుకొని వచ్చి కల్లు తాగే ఆడవాళ్ల గురించి ఇంట్లోవారే బయటకు చెప్పరు.

ప్రశ్న అడిగినవారు:
రాత్రే తీసుకెళ్లాము, చేర్చుకున్నారు. ఇంటికి వచ్చాక దుకాణం మళ్లీ తెరిస్తే ఏం చేయాలి?

నర్సు:
కొన్నాళ్లు మానిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. మునుపటి లెక్కన తాగితే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఈ సంగతి ఆయనకూ, ఆయనతో కూర్చునే స్నేహితులకూ విడిగా చెప్పండి. డాక్టరు చెప్పిన తేదీకి తప్పక వెళ్లండి. మధ్యలో సలహా కావాలంటే వ్యసన విముక్తికి 14446 సహాయ నంబరు ఉంది.