గోదాంలో ట్యూబ్‌లైట్ వెలుగుతో సెన్సార్ నడవట్లేదు, ఎవరైనా చెప్పండి

పర్లాకిమిడి జీడి:
అందరికీ నమస్కారం. మా బాబాయి జీడిపిక్కల గోదాంలో తేమ చూసే సెన్సార్ పెడదామని మొదలుపెట్టాను. ఎలకలు కొరికేస్తాయని బస్తాల మధ్య వైరు లాగనివ్వడం లేదు. అందుకని పైనున్న ట్యూబ్‌లైట్ వెలుగుతోనే నడిచేలా చిన్న సోలార్ ప్యానెల్, బీక్యూ25570 మాడ్యూల్ (ప్యానెల్ ఇచ్చే కొద్దిపాటి కరెంటుని పోగుచేసే చిప్), సూపర్ కెపాసిటర్ (ఆ కరెంటుని బ్యాటరీలా దాచేది) కలిపాను. ప్యానెల్‌కి మీటర్ పెడితే వోల్టేజ్ బాగానే చూపిస్తోంది. సర్క్యూట్‌కి తగిలించగానే పడిపోతోంది. కెపాసిటర్ 1.6 వోల్టుల దగ్గర ఆగిపోయి ఎంతసేపైనా కదలదు. ఎండలోకి తీసుకెళ్తే వెంటనే నడుస్తోంది! సాయంత్రం నుంచి దీంతోనే కుస్తీ. మాడ్యూల్ పోయిందంటారా? వానలు దగ్గరపడ్డాయి, ఒకటే టెన్షన్‌గా ఉంది.

రాయగడ సోల్డర్:
ఏ ప్యానెల్? ఏ బోర్డు? బోర్డు ఏ పిన్‌కి తగిలించావు? వెలుతురు ఎంత?

కాశీనగర్ రైతు:
తమ్ముడూ, సెన్సార్ సంగతి తర్వాత. అది కొలిచేది గాలిలో తేమ. పిక్కలో తేమ ఎంతుందో అది చెప్పదు. పిక్కని ఎండలో బాగా ఆరబెట్టి, తేమ 8 శాతం దగ్గరికి వచ్చాకే బస్తా కట్టాలి. బస్తాల కింద చెక్కలు వేశారా? గోడకి ఆనించి పేర్చితే చెమ్మ అటునుంచే ఎక్కుతుంది. కింది వరుస బస్తా ఒకటి విప్పి గుప్పెడు పిక్కలు కోసి చూడండి. పప్పు మీద నల్లమచ్చ కనపడితే ఏ మిషనూ అక్కర్లేదు, విషయం తెలిసిపోతుంది.

పర్లాకిమిడి జీడి:
చెక్కలు వేశాం అన్నా. సోల్డర్ గారూ, ప్యానెల్ మామూలు 5 వోల్టుల నీలం రంగుది, పైన జిగురు పోసినది. బోర్డు ఈఎస్‌పీ32 (సెన్సార్‌ని నడిపే చిన్న కంప్యూటర్ చిప్ ఉన్నది), వైఫైతో పంపుతుంది. మాడ్యూల్‌లో పోగైన కరెంటు ఉండే వీస్టోర్ పిన్‌కే నేరుగా ఇచ్చాను. ఫోన్ యాప్‌లో బస్తాల మీద 150 లక్స్ చూపిస్తోంది. పని లేనప్పుడు బోర్డు నిద్రపోయేలా డీప్ స్లీప్ కూడా పెట్టాను, అంటే కరెంటు దాదాపు తినదు కదా?

గుణుపురం మాస్టారు:
150 లక్స్ అన్నంత మాత్రాన శక్తి ఎంతో తేలదు నాయనా. లక్స్ మనిషి కంటికి కనపడే వెలుగు కొలత. పాత ఫిలమెంట్ బల్బు కింద 150 లక్స్ ఉన్నచోట కంటికి కనపడని పరారుణ కిరణాలు బోలెడు ఉంటాయి, సిలికాన్ వాటిని బాగా పట్టుకుంటుంది. ఎల్‌ఈడీ ట్యూబ్ కింద అదే 150 లక్స్‌లో అవి దాదాపు ఉండవు. పిల్లలకి ఈ తేడా చూపించడానికి రెండు దీపాల కింద ఒకే ప్యానెల్ పెట్టిస్తాను, చూసి వాళ్లే ఆశ్చర్యపోతారు. కాబట్టి చదరపు సెంటీమీటరుకి ఎన్ని మైక్రోవాట్లు అని అడగాలి, లక్స్ అడగకూడదు.

రాయగడ సోల్డర్:
మాస్టారూ, ఇండోర్ సెల్స్ డేటాషీట్లు (కంపెనీ ఇచ్చే కొలతల కాగితాలు) చాలావరకు 200 లక్స్ మీదే ఉంటాయి. అతని దగ్గర ఉన్నది ఫోన్, మైక్రోవాట్లు కొలిచే మీటరు ఎక్కడ దొరుకుతుంది?

గుణుపురం మాస్టారు:
ఆ డేటాషీట్లలోనే పక్కన ఫ్లోరసెంట్ దీపం అని కూడా రాస్తారు. దీపం పేరు చెప్పకుండా లక్స్ చెప్పడం సగం మాటే.

రాయగడ సోల్డర్:
సరే, ఎల్‌ఈడీ ట్యూబే అనుకుందాం. తమ్ముడూ, వరసగా చెప్తాను.

నీ ప్యానెల్ ఎండ కోసం చేసింది. క్రిస్టల్ సిలికాన్ సెల్‌లో లోపలే కొంత కరెంటు లీకవుతుంది. ఎండలో అది లెక్కలోకి రాదు, గదిలో మాత్రం వచ్చేదాన్నంతా అదే తినేస్తుంది. లోడ్ (కరెంటు వాడే సర్క్యూట్) లేకుండా చూసిన వోల్టేజ్‌తో ఏమీ తెలియదు. మీటర్‌ని మైక్రోఆంప్స్‌లో పెట్టి షార్ట్ సర్క్యూట్ కరెంటు (ప్యానెల్ రెండు తీగలూ నేరుగా మీటర్‌కి కలిపితే వచ్చేది) చూడు. గది లోపల వాడటానికి అమార్ఫస్ సిలికాన్ సెల్ కావాలి, కాలిక్యులేటర్లలో ఉండే గోధుమరంగు రకం. పానసోనిక్ ఏఎమ్-1815 అయితే 200 లక్స్ దగ్గర 3 వోల్టులకి 42 మైక్రోఆంప్స్ ఇస్తుంది. అంటే 126 మైక్రోవాట్లు, అంతే.

ఇక 1.6 దగ్గర ఆగడం. వీస్టోర్ సుమారు 1.8 వోల్టులు దాటేదాకా ఆ బీక్యూ చిప్ కోల్డ్ స్టార్ట్‌లోనే (ఖాళీ కెపాసిటర్‌తో మొదలయ్యే దశలోనే) ఉంటుంది. ఆ దశలో దాని సామర్థ్యం చాలా తక్కువ. నువ్వు అప్పుడే వీస్టోర్ మీద బోర్డు పెట్టేశావు. చిప్ ఒక్కటే అయితే ఈఎస్‌పీ32 డీప్ స్లీప్‌లో 10 మైక్రోఆంప్స్ దగ్గర ఉంటుంది కానీ, డెవ్ బోర్డు మీద రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్, ఆ ఎర్ర ఎల్‌ఈడీ కలిసి మిల్లీఆంప్స్ లాగుతాయి. చిల్లుకుండలో నీళ్లు పోస్తున్నావు. కెపాసిటర్ నిండిందని చెప్పే వీబ్యాట్ ఓకే పిన్‌తో ఒక మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) పెట్టి, కెపాసిటర్ నిండాకే లోడ్ కలిసేలా చెయ్యి.

ఇంకో ముఖ్యమైన మాట. ఆ బీక్యూ చిప్ ఇన్‌పుట్ హద్దు 5.1 వోల్టులు. లోడ్ లేని 5 వోల్టుల ప్యానెల్ ఎండలో దాన్ని దాటిపోతుంది. మళ్లీ ఎండలో పెట్టకు. ఇప్పటికే దెబ్బ తిన్నదో లేదో చూడకుండా చెప్పలేను.

బరంపురం రిటైర్డ్:
ఇంత అవస్థ ఎందుకు బాబూ? రెండు ఏఏ లిథియం సెల్స్ వేసి, వైఫై తీసేసి బ్లూటూత్ సెన్సార్ పెట్టుకుంటే ఏళ్ల తరబడి చూడక్కర్లేదు. నేను సర్వీసంతా టెలికాంలో చేశాను. చేతికి అందే చోట సెల్ మార్చడమే అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

రాయగడ సోల్డర్:
వైఫై తీసెయ్యడం వరకు నూటికి నూరుపాళ్లు నిజం సార్. ఒక్కసారి కనెక్ట్ అయి పంపడానికి 3.3 వోల్టుల దగ్గర 120 మిల్లీఆంప్స్ నాలుగు సెకన్లు అనుకున్నా 1.6 జౌళ్లు. బ్లూటూత్‌లో ఒక్కసారి చిన్న సందేశం గాల్లోకి వదలడానికి అందులో పదివేలో వంతు కూడా పట్టదు. తమ్ముడూ, లైటు రోజుకి ఎన్ని గంటలు వెలుగుతుంది?

పర్లాకిమిడి జీడి:
సరుకు ఎత్తేటప్పుడు, దింపేటప్పుడు వేస్తాం. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ఉంటుందేమో. కరెంటు పోతే అదీ లేదు. మిగతా టైమంతా తలుపులు మూసే ఉంటాయి.

రాయగడ సోల్డర్:
ఇది మొదటే చెప్పాలి కదా! 150 లక్స్‌లో మంచి సెల్ పెట్టినా 95 మైక్రోవాట్లు. రెండు గంటలకి 0.7 జౌల్ కూడా రాదు. రోజంతటికీ పంచితే 8 మైక్రోవాట్లు. అందులో కొత్త సూపర్ కెపాసిటర్ లీకేజీయే చాలా భాగం తినేస్తుంది. ట్యూబ్‌లైట్ మీద ఆశ వదులుకో. గోదాంకి వెంటిలేటర్ ఉందా?

గుణుపురం మాస్టారు:
వెంటిలేటర్ దగ్గర పగటి వెలుగు మబ్బు రోజున కూడా ట్యూబ్‌లైట్‌కి ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా పగటి వెలుగులో పరారుణం ఉంది కాబట్టి పాత ప్యానెల్ కూడా అక్కడ కొంత పని చేస్తుంది. నేను మొదట చెప్పింది అదే.

రాయగడ సోల్డర్:
అక్కడైతే వోల్టేజ్ 5.1 దాటకుండా తక్కువ సెల్స్ ఉన్న ప్యానెల్ చూసుకో. ఏఎమ్-1815కి కూడా ఆ వెలుగు ఎక్కువైపోవచ్చు.

కాశీనగర్ రైతు:
వెంటిలేటర్‌కి జాలీ కొట్టించండి. వానజల్లు అక్కడినుంచే లోపలికి వస్తుంది.

పర్లాకిమిడి జీడి:
ఉంది, తూర్పు గోడకి ఒకటి. రేపు అక్కడ లక్స్ చూస్తాను. మాస్టారూ, దీపం కాదు, పగటి వెలుగు అని కూడా రాస్తాను. థ్యాంక్సండీ అందరికీ.

కొరాపుట్ కాఫీ:
వీబ్యాట్ ఓకేకి ఏ మాస్‌ఫెట్ వాడాలో ఎవరైనా చెప్తారా? నాదీ ఇలాగే 1.6 దగ్గరే ఆగిపోయింది.