గేమ్ ఆడుతుంటే సిస్టమ్ ఆగిపోతోంది: తప్పు పవర్ సప్లైదా, గ్రాఫిక్స్ కార్డుదా?

నా గ్రాఫిక్స్ కార్డు 220 వాట్లది, పవర్ సప్లై ఐదేళ్ల నాటి 550 వాట్లది. గేమ్ పెట్టిన పది పదిహేను నిమిషాలకు 'టక్'మని చప్పుడొచ్చి మొత్తం ఆగిపోతోంది. పవర్ సప్లై వెనకున్న స్విచ్ ఆపి, కాసేపాగి వేస్తేగానీ మళ్ళీ ఆన్ కావట్లేదు. బ్రౌజింగ్‌కి, సినిమాలకి ఏ ఇబ్బందీ లేదు.

కార్డు డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) పూర్తిగా తీసేసి మళ్ళీ వేశాను. కార్డు వేడి 70 డిగ్రీలు దాటట్లేదు. మొదట ఒకే కేబుల్‌కున్న రెండు 8 పిన్ కనెక్టర్లూ కార్డుకి పెట్టాను. ఇప్పుడు రెండు వేర్వేరు కేబుళ్లు పెట్టినా అంతే. పిన్నులు నల్లబడలేదు, కాలిన వాసనా లేదు. కార్డు పవర్ లిమిట్ (అది గరిష్ఠంగా వాడుకునే కరెంటుకు హద్దు) 70 శాతానికి తగ్గిస్తే మాత్రం రెండు గంటలు ఆడినా ఆగలేదు.

నా అనుమానం పవర్ సప్లై మీదే, కానీ కార్డే పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. కొత్తగా 750 వాట్లది కొనేముందు, తప్పు ఎక్కడుందో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?