లోపలి బ్రేక్ ప్యాడ్ ఒక్కటే అరిగిపోయింది: ఇంట్లోనే మార్చుకోవచ్చునా?

ప్రశ్న (అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ)

నమస్కారమండి. బెంజ్ సర్కిల్ వంతెన దిగుతూ బ్రేకు నొక్కినప్పుడల్లా మా కారు ముందు ఎడమ చక్రం నుంచి పది రోజులుగా కీచుమని శబ్దం వస్తోంది. నిన్న చక్రం విప్పి చూశాను. బయటి ప్యాడ్ ఇంకా 6 మిల్లీమీటర్ల మందం ఉంది గాని, లోపలిది 2 మిల్లీమీటర్లు కూడా లేదు. కుడివైపు రెండూ సమానంగానే అరిగాయి. ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు నేనే మార్చుకుంటాను కాబట్టి పనిముట్లకు కొదవ లేదు. ఎడమవైపు ప్యాడ్లు మాత్రమే మారిస్తే సరిపోతుందా?

జవాబు (ఆటోనగర్, విజయవాడ)

సరిపోదండి. ప్యాడ్లు ఎప్పుడూ రెండు ముందు చక్రాలకూ కలిపే మార్చాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. అయితే మీ విషయంలో అసలు జబ్బు ప్యాడ్‌ది కాదు. చాలా కార్లలో ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ లోపలివైపు మాత్రమే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను చక్రంతో పాటు తిరిగే డిస్కుకు అదిమినప్పుడు, ఆ ఒత్తిడికి క్యాలిపర్ (పిస్టన్, ప్యాడ్లు ఉండే భాగం) మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను కూడా డిస్కుకు చేరుస్తుంది. ఆ పిన్నులు బిగుసుకుపోతే బరువంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. వాటిని చూడకుండా కొత్త ప్యాడ్లు వేసినా అదే గతి పడుతుంది. బండి ఎప్పుడైనా నీళ్లలో నిలిచిందా?

అడిగినవారు

నిలిచిందండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు చక్రాలు సగానికి పైగా మునిగి ఉన్నాయి. తర్వాత ఒక షెడ్డులో ఆయిళ్లు మార్చి, సీట్లు ఆరబెట్టి ఇచ్చారే గాని బ్రేకులు విప్పి చూసినట్టు లేరు.

జవాబు (ఆటోనగర్, విజయవాడ)

అయితే పిన్నుల రబ్బరు బూట్లలోకి, అంటే వాటిని కప్పే తొడుగుల్లోకి, నీరు, బురద చేరి ఉంటాయి. పని మీరే చేసుకోవచ్చు గాని తొందర వద్దు. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, బండిని ఎత్తాక స్టాండు మీద నిలపండి. ఒక్క జాకీని నమ్మి బండి కింద చేయి పెట్టవద్దు. విప్పిన క్యాలిపర్ బరువు బ్రేకు గొట్టం మీద పడకుండా తీగతో స్ప్రింగుకు కట్టండి. పిన్నులను బయటకు లాగి, తుప్పంతా తుడిచి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజునే పూయండి, ఎందుకంటే మామూలు గ్రీజుకు రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. పిన్ను గుంటలు పడి ఉంటే కొత్తది వేయవలసిందే.

కొత్త ప్యాడ్లకు చోటు కావాలి కాబట్టి, పాత ప్యాడ్‌ను పిస్టన్‌కు ఆనించి క్లాంపుతో పిస్టన్‌ను మెల్లగా లోపలికి నొక్కాలి. అప్పుడు పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ పొంగుతుంది. అది రంగును తినేస్తుంది కనుక ముందే సిరంజితో కొంత తీయండి. పిస్టన్ కదలనని మొరాయిస్తే అక్కడే ఆపి, క్యాలిపర్‌ను తెలిసిన మెకానిక్‌కు అప్పగించండి. డిస్కు మీద కనీస మందం అచ్చువేసి ఉంటుంది, డిస్కు అంతకన్నా పలచబడలేదని కొలిచి చూడండి. వరద తర్వాత బ్రేక్ ఆయిల్ మార్చలేదంటే అదీ మార్పించాలి: డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక 155 డిగ్రీలకే మరగవచ్చు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

ఒక్క మాట చేర్చాలి. పని పూర్తయ్యాక బండి కదపకముందే పెడల్ గట్టిపడేదాకా పదేపదే నొక్కండి. నేను మొదటిసారి అది మరిచి ఇంట్లోంచి వెనక్కి తీశాను. పెడల్ నేలకు అంటుకుంది, బ్రేకు పడలేదు. గేటు దగ్గర మా పాప నిలబడి ఉంది. హ్యాండ్‌బ్రేకు లాగడంతో బండి ఆగింది గాని, ఆ క్షణం ఇప్పటికీ మరవలేను.

అడిగినవారు

ఈ ఉదయం విప్పానండి. ఎడమవైపు కింది పిన్ను ఎంత తిప్పినా రాలేదు, చివరికి పట్టకారుతో లాగితే ఎర్రటి తుప్పు పొడితో, ఎండిన బురదతో బయటికి వచ్చింది. దాని బూటు అంచున చిన్న చీలిక ఉంది. పైపిన్ను మాత్రం వేలితోనే జరిగింది. కొత్త పిన్నులు, బూట్లు, నాలుగు ప్యాడ్లు ఆటోనగర్‌లో తెచ్చుకున్నాను. పిస్టన్ సులువుగానే వెనక్కి వెళ్లింది. పెడల్ గట్టిపడ్డాకే బండి తీశాను, శబ్దం లేదు. బ్రేక్ ఆయిల్ రేపు మార్పిస్తాను.