బందీ అయిన మొదటి లెవెల్ విజార్డ్‌ను గేమ్ మాస్టర్ తప్పించవచ్చా?

లంకవాసి (అమలాపురం):

అందరికీ నమస్కారం. మా బృందం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేసుకుని, పాచికలతో ఫలితాలు తేల్చుకుంటూ కథగా ఆడే ఆట) ఐదో ఎడిషన్‌ను 2014 నియమాలతో ఆడుతోంది. ఆటలోని ప్రపంచం కల్పితమే కానీ, మ్యాపును మాత్రం కోరంగి దగ్గర గౌతమి సముద్రంలో కలిసే చోటును మనసులో పెట్టుకుని గీసుకున్నాం. గత సెషన్‌లో మొదటి లెవెల్ విజార్డ్, అంటే అన్నిటికంటే కింది మెట్టు మీదున్న మాంత్రికురాలు, ఒంటరిగా ఆచూకీ తీయబోయి ఉప్పు దొంగరవాణా ముఠాకు చిక్కింది. ఆమెకున్నవి 7 హిట్ పాయింట్లు (పాత్ర ఆయుష్షు లెక్క). స్పెల్‌బుక్ (మంత్రాల పుస్తకం), స్పెల్ సామగ్రి సంచి లాక్కుని, చేతులకు సంకెళ్లు వేసి, మడ అడవి అంచున ఉన్న ఉప్పు కొఠారులో పడేశారు. సంకెళ్లలోంచి చేతులు లాక్కోవాలంటే ఇరవైముఖాల పాచిక వేసి, దానికి డెక్స్‌టెరిటీ (చురుకుదనం) బోనస్ కలిపితే 20 రావాలి. ఆమె బోనస్ 3 కనుక పాచిక మీద 17 గానీ అంతకు మించి గానీ పడాలి, అంటే అయిదింట ఒక వంతు అవకాశం. వేసిన రోల్స్ అన్నీ పోయాయి.

ఇప్పుడు గేమ్ మాస్టర్‌గా, అంటే ఆట నడిపేవాడిగా, నేనేం చేయాలి? జాలిపడే కాపలావాడిని పంపాలని కొందరు, మిగతా పాత్రలే వచ్చి విడిపించాలని కొందరు, పాచిక చెప్పిందే తీర్పని ఇంకొందరు అంటున్నారు. నా మటుకు నేను సాయం చేయాలనే అంటాను. అయితే ఆ సాయం ఒక మనిషి దయగా రాకూడదు. ఆమెను పడేసిన చోటులోనే అది ఉండాలి, దాన్ని ఆటగాడే వెతికి పట్టుకోవాలి.

పాచికధర్మం (భీమవరం):

లంకవాసి గారూ, నేను మీతో ఏకీభవించలేను. 1974లో ఈ ఆట మొదటిసారి అచ్చయినప్పుడు మొదటి లెవెల్ మాంత్రికుడికి ఉన్నది ఒక్క ఆరుముఖాల పాచికంత ఆయుష్షు, ఒకే ఒక్క స్పెల్. ఆ బలహీనత వల్లే అప్పటివాళ్లు ఒంటరిగా అడుగు ముందుకు వేసేవారు కాదు. మీ ఆటగాడు వెళ్లొద్దని తోటివాళ్లు చెప్పినా వెళ్లాడా లేదా అన్నది మీరు రాయలేదు. వెళ్లి ఉంటే మాత్రం ఆ నిర్ణయానికి బరువు ఉండాలి. చిక్కిన ప్రతిసారీ గోడలో ఒక దారి కనిపిస్తుందని తెలిస్తే, రేపు అయిదో లెవెల్‌లో ఎవరు భయపడతారు? కొత్త పాత్రను రాసుకోవడానికి అరగంట చాలు. పోయిన భయాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది.

లంకవాసి (అమలాపురం):

తోటివాళ్లు వద్దనే అన్నారు, వెళ్లాడు. దాని ఫలితమే ఈ బందీతనం, దాన్ని నేను రద్దు చేయడం లేదు. కానీ చిక్కడం వేరు, చావడం వేరు. ఆ ముఠా ఆమెను చంపకుండా ఉంచిందంటే దానికి ఏదో కారణం ఉండాలి, ఆ కారణం ఉన్నంతకాలం ఆమెకు సమయం ఉంటుంది.

ఇక ఆ చోటు సంగతి వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే నా వాదనంతా అక్కడే ఉంది. స్పెల్‌బుక్ పోయినా, అంతకుముందే సిద్ధం చేసుకున్న స్పెల్స్ ఆమె దగ్గరే ఉంటాయి. పుస్తకం లేకపోతే వాటిని మార్చుకోలేదు, అంతే. ఆమె సిద్ధం చేసుకున్న వాటిలో నిద్రపుచ్చే స్లీప్ ఒకటి. దానికి కావలసిన సామగ్రి చిటికెడు సన్న ఇసుక, లేదా గులాబీ రేకులు, లేదా ఒక కీచురాయి. సంచి లాక్కున్నవాళ్లు కొఠారు నేలను ఊడ్చుకుపోలేదు కదా! ఉప్పు బస్తాలకు చెమ్మ పట్టకుండా పరిచిన ఇసుక ఆమె కాళ్ల కిందే ఉంది, చీకటి పడితే బస్తాల సందుల్లో కీచురాళ్లు అరుస్తూనే ఉంటాయి. స్లీప్ 5 ఎనిమిదిముఖాల పాచికలంత, అంటే సగటున 22.5 హిట్ పాయింట్లంత మందిని పడుకోబెడుతుంది. మామూలు కాపలావాడికి 11 ఉంటాయి కనుక, కాపలా ఇద్దరైతే ఇద్దరూ నిద్రపోయే అవకాశం సగానికి కాస్త ఎక్కువ. అయితే అది తక్కువ హిట్ పాయింట్లు ఉన్నవాళ్లతో మొదలవుతుంది. గురి చూసుకోకుండా వేస్తే 7 హిట్ పాయింట్లున్న ఆమే అందరికంటే ముందు ఒరిగిపోతుంది! తలుపు తెరిచి అన్నం పెట్టే వేళ చూసి, కాపలావాళ్ల వెనక దూరంగా గురి పెట్టాలి. ఇంత లెక్క ఆటగాడు తానే వేసుకుంటే అది నా దయ ఎలా అవుతుంది?

మడచెట్టు (కాకినాడ):

ఇద్దరిదీ చదివాను. లంకవాసి గారి వైపే మొగ్గుతున్నాను, కానీ ఒక షరతు పెడతాను. నేల మీద ఇసుక ఉందన్న మాట ఆటగాడు స్లీప్ గురించి అడగకముందే మీ నోట రావాలి. అడిగాక "అవును, ఇసుక ఉంది" అంటే, అది జాలిపడే కాపలావాడికి ఇంకో రూపమే. సంకెళ్ల సంగతీ అంతే: స్పెల్‌కు చేతి కదలిక కావాలంటే ఒక చేయి స్వేచ్ఛగా ఉండాలని నియమం, సంకెళ్లు వేసిన చేయి స్వేచ్ఛగా ఉన్నట్టా కాదా అన్నది మాత్రం అక్కడ స్పష్టంగా లేదు. చేతులు ముందుకు కట్టారా, వెనక్కి విరిచి కట్టారా, రెండు కడియాల మధ్య గొలుసు ఎంత పొడుగు అన్నది ఇప్పుడే తేల్చుకుని అందరికీ చెప్పండి. ముందుకు కట్టి జానెడు గొలుసు వదిలితే నేనైతే ఒప్పుకుంటాను. నోటికి గుడ్డ కుక్కి ఉంటే మాత్రం మాట పలకాల్సిన ఏ స్పెల్ కూడా కుదరదు.

ఇంకొకటి, ఇది మన వైపు వాళ్లకు బాగా తెలిసిన విషయమే. తప్పించుకోవడం తలుపు దగ్గర ముగిసిపోదు. స్లీప్ ఒక్క నిమిషమే. ఆ నిమిషంలో మేజ్ హ్యాండ్ (దూరం నుంచి వస్తువులు అందుకునే మాయచెయ్యి) స్పెల్‌తో కాపలావాడి నడుమున ఉన్న తాళంచెవులు లాగి సంకెళ్లు విప్పుకుంది అనుకుందాం, బయట ఏముంది? పాటు (సముద్రం వెనక్కి తగ్గే) సమయమైతే క్రీకులో నీళ్లుండవు, మడ వేళ్ల మధ్య మోకాలి లోతు బురద ఉంటుంది, నడక వేగం సగానికి పడిపోతుంది, అడుగుజాడలు స్పష్టంగా నిలుస్తాయి. పోటు వేళైతే జాడ మిగలదు, ముఠా పడవ కట్టుగొయ్య దగ్గర తేలుతూ ఉంటుంది, కానీ సరుకు దించే మనుషులు కూడా అప్పుడే వస్తారు. కనుక ఎప్పుడు కదలాలన్నదే అసలు నిర్ణయం. చీకట్లో పడి ఉన్నా, గోడ అవతల నీటి చప్పుడు విని ఆమె దాన్ని అంచనా వేసుకోగలదు.

మిగతా ఆటగాళ్లను గంటసేపు ఊరకే కూర్చోబెట్టకండి. ఆమె పోటు కోసం కాచుకుని ఉన్నంతసేపూ వాళ్లు యానాం వంటి ఏదో రేవులో పడవ బేరమాడుతూ ఉండవచ్చు.

పాచికధర్మం (భీమవరం):

మడచెట్టు గారి షరతు నాకు సమ్మతమే. ఇసుక, గొలుసు, పోటు వేళ ముందే కాగితం మీద ఉంటే, ఆ తర్వాత పాచిక ఎటు పడినా నాకు అభ్యంతరం లేదు. నా పట్టు ఒక్కటే: రెండో కాపలావాడు నిద్రపోకుండా మిగిలితే, అతను నిజంగా ఈటె ఎత్తాలి. అక్కడ మాత్రం చేయి అడ్డం పెట్టకండి.

లంకవాసి (అమలాపురం):

పెట్టను. తిథి అష్టమి అని ఇప్పుడే రాసుకున్నాను కనుక పోటు పెద్దగా ఎక్కదు, పడవ సగం బురదలోనే ఉంటుంది. చేతులు ముందుకే కట్టారు, గొలుసు జానెడు, నోటికి గుడ్డ లేదు, ఎందుకంటే ముఠా నాయకుడు ఆమెతో మాట్లాడాలనుకుంటున్నాడు. కాపలా ఇద్దరు. ఈ వివరాలన్నీ సెషన్ మొదట్లోనే, ఎవరూ ఏదీ అడగకముందే, కొఠారును వర్ణిస్తూ చెప్పేస్తాను. పాచికలు బల్ల మీద అందరి ముందే వేయిస్తాను.